బైబిలు చివరి కాగితం

"ఇది నువ్వు చదివే టైపు చేశావా, శాంతీ?"

సలోమి ప్రూఫు కాగితాన్ని కూతురి ముందుకు తోసింది. భర్త స్వీయచరిత్ర అది, అమలాపురం ప్రెస్సు నుంచి అప్పుడే వచ్చింది. నలభై రెండో పేజీలో, పోయిన బిడ్డ గురించి ఒకే ఒక్క వాక్యం... "1996 నవంబరు ఆరున వచ్చిన తుఫానులో, తల్లి చేయి జారినందువల్ల మా రెండవ కుమార్తె కరుణ, వయస్సు అయిదేళ్ళు, మరణించినది." అంతే! ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట... ఇప్పుడు అచ్చయి చుట్టాలందరి ఇళ్ళకూ వెళ్ళబోతోంది! ఇక ఏ పెళ్ళిలోనైనా, ఏ ప్రార్థన కూడికలోనైనా, తన చేతివంక చూడనివాళ్ళుంటారా? సలోమి తెలియకుండానే కుడి పిడికిలి బిగించి కొంగు కింద దాచుకుంది.

"నాన్నగారు రాసింది రాసినట్టే కొట్టేనమ్మా..." శాంతి తల దించుకుంది.

"అందులో అసత్యమేముంది?" వాలుకుర్చీలోంచి అన్నారు సత్యానందం మాస్టారు. "తేదీ మన బైబిలు మొదటి కాగితం మీద నువ్వు రాసిందే."

ఆయన దేవుణ్ణి నమ్మడం మానేసి చాలాకాలమైంది. ఇంటివాళ్ళ పుట్టుకలూ చావులూ రాసి ఉన్న ఆ ఒక్క కాగితాన్ని మాత్రం ఆయన రికార్డుగా నమ్ముతారు.

"మొదటిదే చూసేరండీ మీరు! చివరి కాగితం తిప్పేరా ఎప్పుడైనా?"

"ఏముంది చివర?"

"కీర్తన రాగంలో కట్టుకున్న నాలుగు ముక్కలు."

"కవిత్వం సాక్ష్యం కాదు, సలోమీ."

"ఆయ్, కాదు లెండి! మా ఏడుపూ సాక్ష్యం కాదు మీకు!"

శాంతి బైబిలు తీసింది. చివరి అట్టకు ఆనుకున్న కాగితం మీద, వెలిసిన నీలి సిరా... ఆమె గొంతు సవరించుకుని చదివింది.

"డాబాకు పోదామన్నాను, గోడలు గట్టివన్నారు.
గోడలు గట్టివే, నీళ్ళే వినలేదు.
నా గుప్పిట్లో నీ వేళ్ళు అయిదు...
తెల్లవారి విప్పితే తడి ఒక్కటే, తల్లీ!"

శాంతి కాగితం మీంచి తలెత్తింది.

"అమ్మ మూడుసార్లు అడిగింది, నాన్నగారూ..." శాంతి మెల్లగా అంది. "రేడియోలో తుఫానని చెప్పేరు, బడి డాబా మీదకి పోదాం అంది. ఇలాంటి హెచ్చరికలు ఏటా వింటున్నాం, కూర్చోండన్నారు మీరు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. విన్నాను."

మాస్టారు పేజీవంక చూశారు. అందులో గాలి వేగం రాశారు. ఓడలరేవు వైపు ఒరిగిపోయిన కొబ్బరిచెట్ల లెక్క రాశారు. చచ్చిన పశువుల లెక్కా రాశారు. తానన్న ఆ ఒక్క మాట మాత్రం రాయలేదు! మరిచిపోయి కాదు... ఆ సంగతి ఆయనకు తెలుసు.

"ఆ వాక్యం కొట్టెయ్యమ్మా," అన్నారు. "మీ అమ్మ పద్యం పెట్టు."

"వద్దండీ!" సలోమి కన్నీళ్ళు తుడుచుకోలేదు. "జారింది నా చేతిలోంచే. అదీ నిజమే. ఉండనివ్వండి."

ఆయన కలం అడిగి తీసుకున్నారు. వాక్యానికి పైన పద్యానికి చోటు గుర్తు పెట్టారు. వాక్యం మొదట్లో చేర్చారు: "ఇంట్లోనే ఉందామని పట్టుబట్టినది నేను."

తర్వాత భార్య పక్కకు వచ్చి కూర్చుని, కొంగు కింద బిగిసి ఉన్న ఆ పిడికిలిని ఒక్కొక్క వేలే విప్పారు. లోపల ఏమీ లేదు. ఆయన ఆ అరచేతిని వదల్లేదు.