జోడీ సిమ్

ఏలూరు మెయిన్ బజారులోని పాండురంగారావు సెల్ షాపులో ఆ సాయంత్రం రెండు చేతులు ఒకే ఫోను మీద పడ్డాయి.

ఒక చెయ్యి సిల్వియాది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటోంది. వాళ్ళ నాన్న నిత్యానందం కొల్లేటికోటలో మాస్టారు. రెండో చెయ్యి మనోజ్‌ది. ఎం.సి.ఏ. చదువుతూ రోజూ తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చి వెళుతుంటాడు. అది 2006 జూలై. బయట వాన ఆగేలా లేదు.

“ముందు నేను చూశానండీ,” అంది సిల్వియా.

“చూసింది నేనేనండీ ముందు. పట్టుకోవడం మీరు ముందు,” అన్నాడు మనోజ్.

“కంగారు పడకండి. అలాంటివి లోపల ఇంకో డజను ఉన్నాయి,” అన్నాడు పాండురంగారావు, ఇద్దరినీ కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

మనోజ్‌కి కాస్త సిగ్గేసింది. సిల్వియాకి వెయ్యలేదు. షాపాయన్ని ప్రశ్నలతో పట్టుకుంది.

“ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎన్నాళ్ళొస్తదండీ? మా రూములో ఎనిమిది మందికి ఒకటే ప్లగ్గు. కింద పడితే పగుల్తదా? టార్చి ఉందా?”

“అన్నీ ఉన్నాయమ్మా. కలర్ ఒక్కటే లేదు.”

“కలర్ నాకెందుకండీ, మాట్లాడ్డానికేగా.”

మనోజ్ చూపు మాత్రం అద్దాల వెనకున్న కెమెరా ఫోను మీదే ఉంది. సిల్వియా అది గమనించింది.

“దాంతో ఎవర్ని ఫోటో తీస్తారేంటి?”

“రైలు కిటికీలోంచి పొలాలవీ...”

“పొలాలు రోజూ కనపడతాయి కదండీ,” అంది. మనోజ్ టార్చి ఫోనే తీసుకున్నాడు.

చిక్కంతా సిమ్ కార్డు దగ్గర వచ్చింది. అన్నిట్లోకీ చవకైన ప్యాకు ఒకటే ఉంది. ఏడాది పాటు ఇన్‌కమింగ్ ఫ్రీ. కాని అందులో రెండు సిమ్ములుంటాయి. ఆ ఏడాదంతా ఆ రెండు నంబర్ల మధ్య ఎంతసేపు మాట్లాడుకున్నా ఫ్రీ. వేరేవాళ్ళకి చేస్తే మాత్రం ఛార్జీ గట్టిగా పడుతుంది.

“నాకొక్కటి చాలండీ,” అంది సిల్వియా.

“విడిగా ఇవ్వడానికి కుదరదమ్మా. ఈ బాబుకీ ఒకటే కావాలంటున్నాడు. చెరొకటి తీసుకోండి, చెరిసగం పడతది.”

“ముక్కూ మొహం తెలియని మనిషితో జోడీ ఏంటండీ?”

“జోడీ సిమ్ములకేనమ్మా,” అన్నాడు పాండురంగారావు, ఎంతో మర్యాదగా.

మనోజ్ నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. సిల్వియా కాసేపు ఆలోచించి, అతని వైపు తిరిగింది.

“సరే. కాని మీరు నాకు ఫోన్ చెయ్యకూడదు.”

“చెయ్యనండీ.”

“ఫ్రీయే కదా అని కూడా చెయ్యకూడదు.”

“ఫ్రీ అయినా చెయ్యనండీ.”

నంబర్లు రెండూ ఒకేలా ఉన్నాయి. చివరి అంకె సిల్వియాకి మూడు, మనోజ్‌కి ఎనిమిది. అంతే తేడా.

పది రోజుల తర్వాత రైలు భీమడోలు దాటుతుండగా మనోజ్ ఫోను మోగింది.

“అమ్మలూ, అన్నం తిన్నావా?” అంది ఒక ఆడగొంతు.

“తిన్నానండీ,” అన్నాడు మనోజ్ అలవాటుగా.

“అదేంటే, గొంతలా అయిపోయింది? తలారబెట్టుకోకుండా పడుకున్నావా?”

“అమ్మగారూ, నేను మనోజ్‌నండీ. మీకు సిల్వియా గారు కావాలనుకుంటాను.”

ఆ గొంతు సిల్వియా తల్లి హన్నమ్మది. “ఏమనుకోకు నాయనా,” అని, ఫోను పెట్టేసే ముందు, “నిజంగానే తిన్నావా మరి?” అని అడిగింది.

మాట తప్పక తప్పలేదు. మనోజ్ సిల్వియాకి ఫోన్ చేశాడు.

“చెయ్యనన్నారు కదా,” అంది ఎత్తీ ఎత్తగానే.

“మీ అమ్మగారు నన్ను తలారబెట్టుకోమన్నారండీ. మీకు చెప్పాలి కదా.”

సిల్వియా ఎంత బిగబట్టినా నవ్వు ఆగలేదు. ఆ నవ్వు పూళ్ళ స్టేషను దాకా వినిపించి, సిగ్నలు పోయింది. సిగ్నలు రాగానే ఈసారి ఆమే చేసింది. “మాట మధ్యలో పెట్టేస్తే మర్యాద కాదని చేశానండీ,” అంది.

ఆ మర్యాద రోజూ సాగింది. హాస్టల్లో సాంబారు సంగతి, లెక్చరర్ నరసరాజు గారి గురక క్లాసు సంగతి, రైల్లో పేకాట బ్యాచీ సంగతి. దసరా సెలవులు దాటి, క్రిస్మస్ వచ్చేసరికి, సాయంత్రం ప్యాసింజర్ లేటైతే హాస్టల్ మేడ మీద సిల్వియాకి కాలు నిలవని పరిస్థితి. ఇద్దరిలో ఎవరూ అసలు మాట మాత్రం ఎత్తలేదు.

హన్నమ్మ కూడా నంబరు తప్పు నొక్కుతూనే ఉంది. మొదట్లో వారానికోసారి, తర్వాత ఇంకా ఎక్కువ. మనోజ్‌కి అనుమానం వచ్చింది.

“అమ్మగారూ, నంబరు చూసి నొక్కుతున్నారా?”

“క్యాలెండర్ మీద అమ్మాయి రాసి పెట్టింది బాబూ. అది చూసే.”

“చివర ఏముందో చదవండి.”

“ఎనిమిది. కాదు, మూడేమో. అంతా పొగలా ఉంటది నాయనా ఈ మధ్య. దీపం చుట్టూ కూడా.”

మనోజ్ తల్లి తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో నర్సు. పొగ, దీపం అనగానే అతనికి అర్థమైంది.

“మాస్టారుంటే ఓసారి ఇవ్వండమ్మా.”

నిత్యానందం ఫోను అందుకున్నాడు. “ఎవరు బాబూ మీరు?”

“మీ అమ్మాయి సిమ్ముకి జోడీ సిమ్ము నాదండీ.”

 మనోజ్ షాపులో జరిగినదంతా చెప్పి, కళ్ళ సంగతి కూడా చెప్పాడు. నిత్యానందం మాస్టారు ఊఁ అని ఫోను పెట్టేశాడు. కాని మర్నాడే భార్యని ఏలూరు కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. శుక్లాలన్నారు. ఫిబ్రవరి చివర్లో ఆపరేషను పెట్టారు.

“దానికి చెప్పకు నాయనా. చెబితే పరీక్షలు మానేసి నా మంచం పక్కన కూర్చుంటది,” అంది హన్నమ్మ.

మనోజ్ సరేనన్నాడు. అలా అన్నాక గాని అదెంత కష్టమో తెలిసిరాలేదు. రోజూ సిల్వియాతో మాట్లాడాలి, ఆ ఒక్క మాటా మింగాలి.

ఆపరేషనైన మర్నాడు పొద్దున్న, మనోజ్ ఆసుపత్రిలో హన్నమ్మ మంచం పక్కన ఉండగా సిల్వియా ఫోన్ చేసింది. 

“రెండ్రోజుల్నించి ఇంట్లో ఎవరూ ఎత్తట్లేదండీ. భయంగా ఉంది. కాలేజీ మానేసి వెళ్ళనా?”

మనోజ్ నోరు తెరిచేలోగా పక్కనుంచి హన్నమ్మ అంది, “ఎవరు బాబూ? ముందు ఆ ఇడ్లీ తిను, చల్లారిపోతోంది.”

“అది మా అమ్మ గొంతు,” అంది సిల్వియా.

కంటి ఆసుపత్రిలో ఉన్నామని మనోజ్ చెప్పేశాడు. పావుగంటలో సిల్వియా అక్కడ ఆటో దిగింది. కంటికి కట్టుతో ఉన్న తల్లిని చూసి ఏడ్చింది, తండ్రి మీద కోప్పడింది. తర్వాత వరండాలోకి వచ్చి మనోజ్ ముందు నిలబడింది.

“రోజూ అంతసేపు మాట్లాడేవారు. ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?”

“రోజూ అనిపించిందండీ.”

“మరి?”

“ఆవిడకి మాటిచ్చాను.”

“మా అమ్మకి ఏమన్నా అయ్యుంటే? నేనక్కడ మీతో సాంబారు గురించి నవ్వుతూ ఉండేదాన్ని. ఇక ఫోన్ చెయ్యకండి.”

మనోజ్ చెయ్యలేదు. ఆమె పరీక్షలు రాసి ఊరెళ్ళిపోయింది. రైల్లో పేకాట బ్యాచీ కూడా, “ఏం గురూ, సిగ్నలు పోయిందా?” అని అడగడం మానేశారు.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఫోను మోగింది.

“నాయనా, నేను హన్నమ్మని. ఈసారి చూసే నొక్కాను, నీకే. రేపొచ్చి మాతో భోజనం చెయ్యి.”

“సిల్వియా గారు...”

“అది రోజూ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటది. తను చెయ్యదు. నువ్వు చెయ్యలేదని నన్ను తింటది.”

మర్నాడు కైకలూరులో బస్సు దిగి, ఆటో ఎక్కి, కాలవ దాటడానికి పంటు దగ్గరికి వచ్చేసరికి ఈదురుగాలితో వాన మొదలైంది. అవతలి గట్టున సిల్వియా గొడుగుతో నిలబడి ఉంది. గాలికి గొడుగు తిరగబడింది. సరిచేసుకోకుండా అలాగే నిలబడింది.

పంటు దిగి మనోజ్ ఎదురుగా వచ్చాడు. ఇద్దరూ తడిసిపోతున్నారు.

“చెయ్యొద్దంటే నిజంగానే మానేస్తారా?” అంది.

“కోపమొచ్చింది కదాని.”

“కోపం రెండ్రోజులేనండీ. తర్వాత అలవాటు కొద్దీ ఊరికే కూర్చున్నాను.” తల దించుకుంది. “అమ్మ అంతా చెప్పింది. ఆపరేషన్ రోజు రాత్రి మీరు ఆసుపత్రి వరండాలో బల్ల మీదే పడుకున్నారంట.”

“సిల్వియా గారూ, మీకేదీ దాచడం నావల్ల కాదండీ ఇక. ఇంకోటి కూడా ఉంది దాచింది. జూలైలో స్కీము అయిపోతది. ఆ తర్వాత డబ్బులు పడినా సరే, మీతోనే మాట్లాడాలని ఉంది. ఫోన్లో కాదు. ఇంట్లో.”

 సిల్వియా తిరగబడ్డ గొడుగే అతని నెత్తి మీదికి జరిపింది.

భోజనంలో హన్నమ్మ చేపల పులుసు వడ్డిస్తూ మనోజ్‌ని తేరిపార చూసింది. “గొంతు విని ఇంకాస్త ఒడ్డూ పొడుగూ ఉంటావనుకున్నాను నాయనా. పర్లేదు, తింటే వస్తది.”

నిత్యానందం మాస్టారు ఆఖరి ముద్ద ముగించాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, కుర్చీ ల్యాండ్‌లైన్ దగ్గరికి లాక్కున్నాడు.

“చదువు పూర్తవ్వాలి. ఉద్యోగం రావాలి. ఆ రెండూ అయ్యేదాకా తొందర లేదు,” అన్నాడు. “ఈలోగా మీ అమ్మగారితో ఒకసారి మాట్లాడాలి. నంబరు చెప్పు బాబూ.”

మనోజ్ తడబడుతూ చెప్పాడు. అవతల మోగడం వినిపిస్తుండగా సిల్వియా గుమ్మం దగ్గర్నుంచి పిలిచింది.

“పెద్దవాళ్ళు మాట్లాడుకుంటారు. వాన తగ్గింది, గూడబాతుల్ని చూపిస్తాను. రా.”

‘రండి’ అనలేదు. మనోజ్ ఆ మాట విని, చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు మీదికి నడిచాడు.