వంటింటి గోడ

"నా కంఠంలో ప్రాణముండగా ఈ గోడ మీద దెబ్బ పడనివ్వను!"

మేస్త్రి ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆగిపోయింది. వరండాలోంచి పరుగెత్తుకొచ్చిన ఇంటావిడ వంటింటి గోడకు వీపు ఆనించి, చేతులు రెండూ చాపి నిలబడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ గొంతు పక్క గదిలోకి కూడా వినబడి ఎరగదు. అలాంటి మనిషి అలా అరిచేసరికి కూతురి చేతిలోని కొలత టేపు జారి కింద పడింది.

ఆ కూతురు ఇంటీరియర్ డిజైనర్. ఇంట్లో అందరికీ చిట్టి. సముద్రం ఒడ్డున ఎవరెవరి ఇళ్లో తీర్చిదిద్ది, ఇన్నాళ్లకు కన్నవాళ్ల ఇంటి మీద చెయ్యి వేసింది. వీధి గుమ్మం నుంచి పెరటి దాకా ఇల్లంతా ఒకటే గదిగా ఉండాలని ఆమె ఆలోచన. ముందు కూర్చునే చోటు, మధ్యలో భోజనాల బల్ల, చివర వంట గట్టు. తలుపులకు ఉప్పుగాలికి తుప్పు పట్టని ఇత్తడి మడతబందులు, గాలాడే పేము కుర్చీలు, చెక్క రెక్కల కిటికీలు, పాదాలకు చల్లగా తగిలే నున్నటి గచ్చు... అన్నీ తానే దగ్గరుండి ఎంచింది. సముద్రపు గాలి ఇటు దూరి అటు పోవడానికి ఆ ఒక్క గోడే అడ్డం. ఇంత తాపత్రయం ఎవరి కోసం? పొయ్యి దగ్గర ఉడికిపోయే అమ్మ కోసమే! కాగితం మీద గీతలు చూపించినప్పుడు ఆ తల్లి అన్నిటికీ తలూపింది. గోడ ఉండాల్సిన చోట గీత లేదన్న సంగతి మాత్రం ఆవిడ గమనించనే లేదు.

"అమ్మా, ఈ గోడ వల్లే కదే నీకు ఆ చెమటలన్నీ! ఇది పోతే వంట చేస్తూ సముద్రం చూడొచ్చు."

"నాకు సముద్రం వద్దు తల్లీ... గోడ కావాలి."

"ఎందుకో చెప్పు మరి!"

అదే ఆవిడ వల్ల కాలేదు. చెప్పుకునేంత పెద్ద కథా కాదు. ఇంటాయన రేవులో ఫోర్మన్‌గా చేసి రిటైరయ్యాడు. క్రేన్ల హోరులో అరిచి అరిచి ఆయన గొంతు ఇంటికొచ్చినా తగ్గేది కాదు. తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం లేదు. ఉన్నదల్లా నోరే! చొక్కాకు గుండీ ఊడినా, చుట్టాలకు కాఫీ ఆలస్యమైనా నలుగురిలో కడిగి పారేసేవాడు. ఆవిడ "పొయ్యి మీద పాలు" అంటూ లేచి, వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకునేది. కరువుతీరా ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చేది. ఆ నాలుగు గోడలే లేకపోతే ఈ కాపురం ఏనాడో బజారున పడేదని ఆవిడకు తెలుసు. ఇప్పుడు హాలూ వంటిల్లూ ఒకటైపోతే ఎక్కడికి వెళ్లి ఏడవాలి? కడుపున పుట్టిన పిల్లతో ఈ మాట ఏ నోటితో చెప్పాలి?

అప్పుడే బయటినుంచి వచ్చిన ఇంటాయన గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"ఏంటీ గోల? పిల్ల అంత కష్టపడి ప్లాన్ వేస్తే మధ్యలో నీ అడ్డేంటి? అసలు బుర్ర ఉందా నీకు?"

మేస్త్రి ముందు, పనివాళ్ల ముందు, కూతురి ముందు! అలవాటు కొద్దీ ఆవిడ కాళ్లు వంటింట్లోకి నడిచాయి. వెనక్కి తిరిగి తలుపు వేయబోయింది. తలుపు లేదు! పొద్దున్నే, ఆవిడ వరండాలో ఉండగా, మేస్త్రి దాన్ని విప్పి పెరట్లో పెట్టేశాడు. ఆవిడ చెయ్యి గాల్లో తడిమి తడిమి ఆగిపోయింది. ఇక ఆపుకోలేక, అందరూ చూస్తుండగానే గడప మీద కూలబడి భోరుమంది!

మేస్త్రి లోకం తెలిసిన మనిషి. టీ వంకతో పనివాళ్లను బయటికి తీసుకుపోయాడు.

"ఏమైందమ్మా!" చిట్టి వచ్చి తల్లిని పొదువుకుంది.

"ఏడవడానికి చోటు లేకుండా చేశావు కదే తల్లీ... మీ నాన్న మాట అన్నప్పుడల్లా ఈ తలుపు వేసుకునే ఏడ్చాను. ఇప్పుడు ఎక్కడికి పోను?"

చిట్టి తల్లి మొహం పైకెత్తి చూసింది. "మరి... కళ్లు ఎర్రబడితే ఉల్లిపాయలు తరిగానని చెప్పేదానివి?"

"ఉల్లిపాయ వెయ్యని రోజు కూడా అదే చెప్పాను. మీరెవరూ కంచంలోకి చూసుకోలేదు."

ఇంటాయన గుమ్మంలోంచి రెండడుగులు ముందుకొచ్చాడు. "పొగ బయటికి రాకుండా తలుపు వేస్తున్నావనుకున్నాను..." అన్నాడు తడబడుతూ. "అందుకే కదా, ఆ పాత రోజుల్లోనే ఫ్యాను కూడా పెట్టించాను."

"పెట్టించారు. దాని మోతలో నా ఏడుపు వినబడేది కాదు. మేలే చేశారు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది, అంతే. ఆయనకు అదే తల తీసేసినట్టయింది.

చిట్టి కళ్లు తుడుచుకుని లేచింది. "గోడ ఉంచేద్దామమ్మా. తలుపు ఇవాళే మళ్లీ బిగిస్తారు. నాకు తెలియదే... నిజంగా తెలియదు!"

ఇంతలో మేస్త్రి గుమ్మం దగ్గర దగ్గి, అలవాటు ప్రకారం ఇంటాయననే అడిగాడు. "ఏం చెయ్యమంటారు సార్?"

ఆయన ఏదో అన్నాడు. మేస్త్రికి వినబడక "ఏంటండీ?" అంటూ ముందుకొచ్చాడు.

"అమ్మగారిని అడగమంటున్నాను."

ఆవిడ గడప మీద నుంచి లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"పడగొట్టండి."

"అమ్మా!"

"అవునే. ఇన్నాళ్లూ దాచి ఏం సాధించాను? ఏడుపొస్తే ఇక హాల్లోనే ఏడుస్తాను. అన్న మాట ఎక్కడ తగిలిందో అన్నవాళ్లకు కనబడొద్దూ?"

మధ్యాహ్నానికల్లా గోడ నేలమట్టమైంది. గాలి వరండాలోంచి తోసుకొచ్చి, ఇటుకల దుమ్మునంతా పెరట్లోకి తోసేసింది. ఆవిడ ఒక పేము కుర్చీ దులుపుకుని, ఇంటి నడిమధ్యన కూర్చుని, పొద్దున సగంలో ఆగిన ఏడుపు నిదానంగా పూర్తి చేయసాగింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. మొహం తిప్పుకోలేదు. ఇంటాయన అది చూడలేక అటు వెళ్లాడు, ఇటు వెళ్లాడు. ఎటు వెళ్లినా ఆవిడ కనబడుతూనే ఉంది. చివరికి ఇంకో కుర్చీ లాక్కొచ్చి, ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.