నా పేరుతో లోపలికొచ్చింది

బోయెన్ అంటే నాకు ఒళ్ళుమంట. దాచడం ఎందుకు? పదకొండేళ్ళుగా తైపేలో ఈ ఆఫీసు నెట్‌వర్క్‌ని కాపలా కాసింది నేను. ఇంటినుంచి పనిచేసేవాళ్ళు లోపలికి రావాలంటే రెండు పాస్‌వర్డ్‌లు, ఆపైన ఆరంకెల కోడ్ కొట్టాలి. అది నేను పెట్టిన పద్ధతి. నిన్నగాక మొన్న చేరిన బోయెన్ దాన్నంతా పీకేశాడు. పేరు కొట్టి ఫోన్ మీద బొటనవేలు ఆనిస్తే చాలట! అందరూ ఆహా ఓహో అన్నారు. తుఫాను సెలవునాడు ఎనిమిది వందలమంది ఒకేసారి ఇళ్ళనుంచి లోపలికొస్తారు. అది గట్టెక్కితే నెట్‌వర్క్ చీఫ్ కుర్చీ మా ఇద్దరిలో వాడికే దక్కేలా ఉందని మేనేజర్ లూ గారు నా మొహమ్మీదే అన్నారు.

తుఫాను సెలవు ప్రకటించిన ఆ ఉదయం ఆఫీసు సర్వర్ గదిలో డ్యూటీ నాది. కిటికీల్లేని గది. ఫ్యాన్ల హోరు, చల్లటి ఇనప వాసన. మెషీన్ నెత్తిన బోయెన్ పెట్టిన ఆకుపచ్చ చిప్స్ పొట్లం ఉంది. యంత్రం బుద్ధిగా నడవాలని మావాళ్ళంతా పెడతారు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. నేను చింపి నిలబడే తినేశాను. కడుపుమంట అలాగైనా చల్లారుతుందనుకున్నాను.

చివరి ముక్క మింగేసరికి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఆగి, మళ్ళీ తిరిగాయి.

తెర మీద కొత్త పేరు వెలిగింది. షూ రుయ్‌హ్వా... అది నేనే. ఇంటినుంచి లోపలికొచ్చినట్టు చూపిస్తోంది.

ఇంట్లో ఎవరు? నేను ఒంటరిదాన్ని. తాళంచెవి నా జేబులోనే ఉంది.

ఏదో పొరపాటేమోనని పావుగంట తనిఖీ చేసి, చివరికి బోయెన్‌కి ఫోన్ చేశాను.

"ఏంటక్కా, ఇప్పుడేగా వీడియో మీటింగ్‌లో మాట్లాడావు!" నవ్వుతున్నాడు.

"ఏం... ఏం మాట్లాడాను?"

"భలేదానివే! చీఫ్ పదవి నాకే ఇమ్మని నీ పేరు వెనక్కి తీసుకున్నావుగా. లూ గారి కళ్ళు చెమర్చాయి తెలుసా? నిన్ను ఇన్నాళ్ళూ అపార్థం చేసుకున్నానక్కా."

"అది నేను కాదురా!"

"వీడియోలో చూస్తున్నాంగా. అదిగో, చెయ్యూపుతున్నావు..." వాడి నవ్వు ఆగిపోయింది. గొంతు తగ్గించాడు. "అక్కా... నువ్వు ఫోన్లో మాట్లాడుతున్నావు. ఇక్కడ నీ నోరు కదలట్లేదే."

నా కుర్చీ! పదకొండేళ్ళు కాచుకున్న కుర్చీ! అదెవరు, వాడికి ధారపోయడానికి? ఫోన్ పెట్టేసి గబగబా నా పేరు కొట్టాను. బొటనవేలు ఆనించాను.

గుర్తించలేదు.

చెమట తుడిచి మళ్ళీ ఆనించాను. గుర్తించలేదు.

వేలిని దీపం కిందికి తెచ్చి చూశాను. నున్నగా ఉంది... ఒక్క గీత కూడా లేదు.