లోపలి కిరాయిదారు

ఎల్బీనగర్ చౌరస్తాకు కొంచెం ఇవతల, మెడికల్ షాపు పక్క సందులో ఒక స్కానింగ్ సెంటర్ ఉంది. మొన్న వాన పడ్డ సాయంత్రం మా జ్యోతికక్కను అక్కడికి తీసుకెళ్లాను. మధ్యాహ్నం నుంచి ఏమీ తినొద్దన్నారని అక్క మంచి కోపం మీద ఉంది. కింద మిర్చి బజ్జీల బండి కనబడింది. ఊరుకుంటానా? పొట్లం కట్టించుకొచ్చి సరిగ్గా ఆమె ఎదురుగా కూర్చుని తిన్నాను.

"తిను రా అభీ, తిను. నీకు స్కానింగ్ రాసిననాడు నీ ముందట బిర్యానీ తింట" అంది.

అక్కది రక్తనాళాలే గడ్డలు కట్టే జబ్బు. ఎక్కడో ఒకరికి వస్తుందట. చేతుల మీద, మెడ మీద నేరేడుపండు రంగులో మెత్తటి బుడిపెలు. వాటితో పెద్ద పరేషాన్ లేదు. భయమంతా లోపలిదానితోనే. కాలేయంలో పిడికిలంత గడ్డ. అది పగిలితే మనిషి దక్కదు. దాంట్లోకి రక్తం ఎంత జోరుగా పోతోందో ఈ స్కానింగ్‌లో చూసి, ఆపరేషన్ చేయొచ్చో లేదో రేపు చెప్తామన్నారు.

ఇంట్లో గడ్డ అన్న మాట వినబడితే చాలు, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటుంది. అందుకే నేను దానికి 'కిరాయిదారు' అని పేరు పెట్టాను. "అడగకుంట దిగిండు, పొమ్మంటె పోతలేడు" అంటే అక్క పడీ పడీ నవ్వేది.

స్కానింగ్ గదికి కిటికీ లేదు. ఏసీ చలి. స్పిరిట్ వాసన, దాని కింద తడిసిన గోడ వాసన. స్కానింగ్ చేసే సూర్యప్రభ మేడం నన్ను తలుపు పక్కన నిలబడమంది.

"మీ అక్కని నవ్వించకు బాబూ. పొట్ట కదిలితే నాకేమీ కనబడదు."

పొట్ట మీద జెల్ రాసి, మేడం ఏదో మీట నొక్కింది. గది నిండా చప్పుడు.

హుష్... హుష్... హుష్...

"అదే, గడ్డలోకి వెళ్తున్న రక్తం" అంది మేడం. నాకు మాత్రం తలుపు వెనక ఎవరో నోటితో ఊపిరి పీలుస్తున్నట్టుంది.

అంతలో కరెంటు పోయింది. మిషన్ బ్యాటరీ మీద నడుస్తోంది. చీకట్లో తెర వెలుగు ఒక్కటే. ఆ వెలుగులో అక్క మొహం చూశాను. పెదవులు వణుకుతున్నాయి. ఆమె భయపడితే నేను చూడలేను. చప్పున మా ఇంటి ఓనర్ గొంతు పెట్టి, చెయ్యి చాచి మంచం ఇనుప పట్టీ మీద టకటకా కొట్టాను.

"ఓ లోపలున్నోళ్లూ! ఇల్లు ఖాళీ చెయ్యుర్రి. ఇప్పుడే, ఇయ్యాల్నే!"

అక్క నవ్వింది. నవ్వు సగంలో తెగింది.

చప్పుడు కూడా ఆగింది.

తలుపు దానంతట అదే కొంచెం తెరుచుకుంది. అక్క తలకు రాసుకునే కొబ్బరినూనె వాసన... నా భుజానికి తగులుతూ... నన్ను దాటుకుని బయటికి పోయింది. తలుపు మెల్లగా మూసుకుంది.

హుష్.

మళ్లీ మొదలైంది. ఇందాకటి కంటే గట్టిగా.

మేడం పరికరాన్ని జరిపింది. పొట్ట మీదికి, పక్కకు, పక్కటెముకల పైకి. ఎక్కడ పెట్టినా అదే చప్పుడు. తెర నిండా అదే నలుపు.

"దీని అంచు... అంచేదీ?" మేడం గొణిగింది. "ఇందాక పిడికిలంతే కదా..."

లైట్లు వచ్చాయి. మేడం గబగబా తెర ఆపేసింది. "కరెంటు వల్ల మిషన్ ఏదో తేడా చేసింది. రేపు పొద్దున్నే రండి" అంది, మా వైపు చూడకుండా.

అక్క లేచి కూర్చుంది. చేతులు నున్నగా ఉన్నాయి. మెడ మీద ఒక్క బుడిపె లేదు! నాకు ఏడుపాగలేదు. "అక్కా! కిరాయిదారు పోయిండే!"

ఆమె మంచం దిగి చెప్పులు వేసుకుంది.

"ఇంటికి పోదాం" అంది.

ఆటోలో చంపాపేట దాకా నాకు తెలిసిన జోకులన్నీ వేశాను. ఒక్కదానికీ నవ్వలేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా పెదవుల కదలికనే చూస్తూ కూర్చుంది... నేర్చుకుంటున్నట్టు.

వాన పెరిగింది. గేటు గొళ్లెం పెట్టి, అక్కను ముందు గదిలో కూర్చోబెట్టి తువ్వాలు ఇచ్చాను. వంటింట్లో అమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. అక్కడి కిటికీలోంచి గేటు కనబడుతుంది.

"అరేయ్ అభీ!" అమ్మ అరిచింది. "ఏం పరాచికాలు రా ఇవి? పానం బాగలేని పిల్లను వానల నిలవెట్టి గేటేస్తవా? జ్యోతిక తడుస్తుంది, పోయి తియ్యి!"

నా పక్కన అక్క తల తుడుచుకోవడం ఆపింది. తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"తియ్యకు" అంది మెల్లగా. "ఇప్పుడే సర్దుకున్న."

వంటింట్లో పొయ్యి ఆపిన చప్పుడైంది. అమ్మ చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గరికి జరిగినట్టుంది. ఈసారి ఆమె గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"అభీ... మీ అక్క ఎనుక, పొట్ట పట్టుకొని నిలవడ్డ వాళ్లంత ఎవరు రా?"