నీహారగిరి మౌనం

కార్తికం ప్రవేశించే నాటికి నీహారగిరి చుట్టూ ఉన్న పల్లపు నేలలో పచ్చగడ్డి పరక కూడా మిగలలేదు. దిగువ మైదానాల ప్రభువైన రణధవళుడు నలుబది వేల కాల్బలంతో, ఏడు వందల ఏనుగులతో పది నెలలుగా ఆ కొండను చుట్టుముట్టి కూర్చున్నాడు. గుడారాలు, గుర్రపుసాలలు, కమ్మరి కొలుములు, వంటశాలల పొగలు, వీటన్నిటితో అక్కడొక నగరమే వెలిసింది. ఆ నగరానికి ఎదురుగా నిలిచిన కోటకు మాత్రం రాతిగోడ లేదు, కందకం లేదు, బురుజు లేదు. ఉన్నదల్లా పొగమంచు. కొండ పాదం మొదలు శిఖరం దాకా మీగడలా పేరుకొన్న మంచు. అందులో అడుగుపెట్టిన సైనికుడు పగలంతా నడిచి నడిచి, పొద్దుగూకే వేళకు తాను బయలుదేరిన గుడారం ముందే తేలేవాడు.

ఆ మంచు వెనుక యక్షులుండేవారు. కొనదేరిన పొడవాటి చెవులు, నాలుగైదు వందల ఏండ్ల ఆయువు, ముదిమి కనబడని ముఖాలు గల జాతి వారిది. మైదానాలవారు వారిని కొనచెవులవారనేవారు. ఒకప్పుడు మనుష్యరాజులకు వానలు కురిపించి, యుద్ధాలు గెలిపించి, అందుకు బహుమానంగా సంకెళ్లు పొంది, ఇక చాలునని కొండెక్కి తలుపు వేసుకొన్న మాంత్రికులు వారు. వారి విద్య అంతా ఒక్క నియమం మీద నిలిచింది. యక్షుడు అబద్ధమాడరాదు. ఎక్కడ ఆడినా, ఎవరి కోసం ఆడినా, విద్య ఆ క్షణమే వానిని విడిచిపోతుంది. అంతవరకు ఆగి ఉన్న వయసంతా ఒక్కసారిగా మీద పడుతుంది. మంచు మళ్లీ వానికి దారి ఇవ్వదు. తొమ్మిది వందల ఏండ్లలో ఒక్కరూ ఆ తప్పు చేయలేదు.

అబద్ధం లేని ఊరంటే స్వర్గమే కదా అని మీరనవచ్చు. నేననను. అబద్ధమెరుగనివారికి అనుమానమూ తెలియదు. ఎదుటివాడు చెప్పినది నమ్ముతారు, చెప్పనిదాన్ని అడగరు. ఆ అమాయకత్వాన్ని పంట పొలంలా దున్నుకొన్న మహానుభావుడు మంత్రి ప్రియంవదుడు. ఆయన జన్మలో అబద్ధమాడలేదు. నిజాలనే ఏరి, తనకు కావలసినంత మేరకే వడ్డించేవాడు.

నీహారగిరికి ఒక్క బలహీనత ఉంది. ఏడాదికొక్కసారి, కార్తిక మాసపు కడపటి ఉదయాన, మంచు ఒక జాముసేపు కొండ దిగిపోయి కిందనున్న నదిలో నీరు తాగి మళ్లీ పైకెక్కేది. ఆ జాములో కొండ దారులన్నీ తెరిచిన వాకిళ్లే. ఈ రహస్యం యక్షులకు తప్ప పురుగుకు కూడా తెలియదు. ప్రియంవదుడు దానిని పావురం కాలికి కట్టి రణధవళునికి పంపాడు. ప్రతిఫలంగా కోరినది సింహాసనం. ఆ లేఖలోనే మరొక మాట కూడా వ్రాశాడు. "మా జాతివారు అబద్ధమాడరు. మాలో ఎవరు ఏ మాట చెప్పినా దానిని శిలాశాసనంగా నమ్మవచ్చు" అని.

దళవాయి తుహినకేతుడు ఆ సంగతి మరొక దారిన పసిగట్టాడు. శత్రుశిబిరంలో కొలుములు రేయింబవళ్లు మండుతున్నాయని చూసి, ఒక మధ్యాహ్నం నలుబదిమంది విలుకాండ్రతో మంచు దాటి మెరుపులా మీద పడ్డాడు. ఏనుగుల వరుసను చెదరగొట్టి, తొడలో బల్లెం దిగినా లెక్కచేయక, కొలిమి దాకా వెళ్లి ఒక సంకెలను, ఒక కమ్మరిని పట్టి తెచ్చాడు. వెళ్లిన నలుబదిమందినీ ప్రాణాలతో వెనక్కి తెచ్చాడు. అటువంటి దళవాయి మరొక రాజ్యంలో ఉంటే గుడి కట్టేవారు.

మరునాడు సభలో ఆ సంకెలను రాణి ఇందీవర పాదాల ముందు పెట్టాడు. ఇందీవర చిన్నది. యక్షుల లెక్కలో పసిపిల్ల కిందే జమ. తల్లి పురిట్లోనే పోగా, తండ్రి ఆ దిగులుతోనే పోగా, తల్లికి తోడబుట్టిన తుహినకేతుడే ఆమెను భుజాల మీద మోసి పెంచాడు.

"మహారాణీ! ఇట్టివి మూడు వందల పన్నెండు జతలు సిద్ధమైనవి. మన జనసంఖ్య మూడు వందల పన్నెండు. ఈ కడపటి ఉదయమునకే సైన్యము నదీతీరమున నిలువవలెనని ఆజ్ఞయైనది. ఇంకొకటి చిత్తగింపుడు. చర్మము ఒరిసికొనకుండ రణధవళుడు ఈ సంకెలకు లోపల మెత్తని తోలు కుట్టించినాడు. ఇందులో మనము చాలాకాలము బ్రతుకవలెనని అతని కోరిక."

సభ నివ్వెరపోయింది. ఊరివారి సంఖ్య బయటివాడికి తెలిసిందంటే చెప్పినవాడు లోపలే ఉన్నాడన్నమాట. విచారణకు రాణి ఆజ్ఞ ఇచ్చింది. ఆచారం ప్రకారం మంత్రి ఒక్కొక్కరి ఎదుట నిలిచి అడగాలి, వారు బదులు చెప్పాలి. ప్రియంవదుడు మూడు వందల పదిమందిని ఓపికగా, ఎంతో మర్యాదగా అడిగాడు. అందరూ "నేను కాను" అన్నారు, అందరూ నిజమే చెప్పారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగే తలారి. అడిగేవాణ్ణి అడగాలన్న ఆలోచన ఆ సభలో ఒక్కరికీ రాలేదు.

అప్పుడు మంత్రి చేతులు జోడించాడు. "దేవీ! మన ప్రాణములకు హాని చేయనని రణధవళుడు వ్రాసిన లేఖను నేను కన్నులార చదివితిని. ద్వారము మనమే తెరచినచో గౌరవముగా బ్రతుకుదుము. పోరాడినచో నశింతుము. మనలో సగముమంది వృద్ధులు. ఇవన్నియు సత్యములు."

సత్యాలే. ఆ లేఖ నీ చేతికెలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. ముట్టడి రోజులు కదా, బాణానికి చుట్టి పంపి ఉంటాడనుకొన్నారు.

తుహినకేతుడు సభ నుంచి లేచిపోయాడు. ఆ సాయంత్రం తాను పట్టి తెచ్చిన కమ్మరికి అన్నం పెట్టించి, వదిలిపెట్టబోతుండగా వాడన్నాడు: "మీరు అబద్ధం ఆడరంట గదా దొరా? మా రాజు దండోరా ఏయించాడు, కొనచెవులోడి మాట రాతి మీద రాత అని." దళవాయి ఆ మాట విని, వాణ్ణి వదలడం మాని కొండ మీదే ఉంచేశాడు.

గడువు ఇంకా నాలుగు దినాలుండగా, తెల్లవారగానే ఆయన కత్తి లేకుండా, అల్లెతాడు లేని వింటితో మంచు అంచుకు వచ్చాడు. ఇందీవర అక్కడ నిలబడి ఉంది.

"ఎక్కడికి మామా?"

"రణధవళుడి దగ్గరికి."

"ఏం చెయ్యడానికి?"

"మాట్లాడటానికి."

"తిరిగి వస్తావా?"

ఆయన పలకలేదు. ఆమె మళ్లీ అడిగింది. ఆయన చెయ్యి ఆమె తల మీద వేసి, "నీకు నాలుగేళ్లప్పుడు, తేనె కుండ పగిలింది, గుర్తుందా?" అన్నాడు. "ఎవరు పగలగొట్టారే అని అడిగాను. మూతి నిండా తేనె పూసుకొని, అబద్ధం చెప్పకూడదు కాబట్టి నోరు మూసుకొని నిలబడ్డావు. ఎన్నిసార్లడిగినా అంతే. అప్పుడు నీకేం చెప్పాను?"

"మౌనం కూడా జవాబే అని," అంది ఇందీవర. ఏడుపు వచ్చేసింది. "నిన్ను పోనివ్వను."

"రాణివై ఆజ్ఞాపించు తల్లీ, ఆగిపోతాను. మేనకోడలివై అడిగితే మాత్రం ఆగలేను."

ఆమె నోరు తెరిచింది. వెనుక ఊళ్లో ఎవరో ముసలమ్మ పొద్దుటి పాట అందుకొంది, పొయ్యిల మీద పాలు పొంగుతున్న వాసన వచ్చింది. ఆజ్ఞ ఆమె నోట రాలేదు. పట్టుకొన్న చెయ్యి వదిలింది.

"ఈ క్షణం నుంచి మీరు చచ్చిన ఊరిలా ఉండాలి," అన్నాడు తుహినకేతుడు. "దీపం వద్దు, శంఖం వద్దు, పొగ వద్దు. అంచు దగ్గర మాట వినబడకూడదు. ఏం చూసినా సరే." అని మంచులోకి నడిచిపోయాడు.

రణధవళుడు వేలాది సేన నడుమ, గుడారం ముందు ఆయనను నిలబెట్టి అడిగాడు. "దళవాయీ! మీరు అసత్యమాడరని మాకు విశ్వసనీయముగ తెలిసినది. కావున అడుగుచున్నాను. మీ రాణి లొంగునా, పోరునా?"

"మా రాణి లేదు," అన్నాడు తుహినకేతుడు. "నీహారగిరిలో ఇక ఎవ్వరును లేరు. మంచులో మహమ్మారి పుట్టినది. పీల్చినవారు పీల్చినట్లే ముదిసి, ఎండి, రాలిపోయిరి. నేనే కడపటివాడను."

ఆ మాట పెదవి దాటుతుండగానే ఆయన నల్లని జుట్టు తెల్లబడింది. నాలుగు వందల ఏండ్లు ఒక్క ఊపిరిలో మీద పడ్డాయి. చర్మం ముడుతలు పడింది, నడుము వంగింది, పళ్లు రాలి దోసిట్లో పడ్డాయి. అబద్ధానికి పడిన శిక్షే ఆ అబద్ధానికి సాక్ష్యమై నిలిచింది. రణధవళుడు అంగవస్త్రం ముక్కుకు అడ్డం పెట్టుకొని నాలుగడుగులు వెనక్కి వేశాడు.

వణికే గొంతుతో ముసలివాడు పూర్తిచేశాడు. "నాలుగు దినములలో ఆ మంచు నదికి దిగును. నదినీటితో కలిసి ఈ రోగము మీ శిబిరమునకు వచ్చును."

నలుబది వేలమంది ఆ సాయంత్రానికే కదిలారు. వంటపాత్రలు కూడా వదిలేసి పోయారు. అదే పూట కొండ మీది నుంచి ప్రియంవదుని పావురమొకటి ఎగిరి వస్తే, పీనుగుల ఊరి పక్షి అని దూరం నుంచే కొట్టి కాల్చేశారు. అయినా రణధవళుడు తెలివితక్కువవాడు కాడు. కడపటి యక్షుడు బ్రతికున్నన్నాళ్లూ నదికి ఆవలి ఒడ్డున కావలి పెట్టి, కొండ మీద పొగ కనబడినా, మనిషి గొంతు వినబడినా కబురంపమని ఆజ్ఞాపించాడు.

కొండ మీద ప్రియంవదుడు జనాన్ని చేర్చి తాను చూసింది చెప్పాడు. "దళవాయి శత్రువు గుడారమునకు పోయెను. ఏదో పలికెను. పలికినంతనే ముదుసలియయ్యెను. కనుక అసత్యమాడెను. ఇంతకు మించి నేనెరుగను." అన్నీ నిజాలే. తాము పసితనం నుంచి ఎరిగిన దళవాయి పేరును ఆ జనం గుండెలు బాదుకొంటూ రాతి మీది వంశావళి నుంచి కొట్టేయబోయారు.

ఇందీవర లేచింది. "ఆగండి. మంత్రీ! దళవాయి మనలను అమ్మియుండినచో సైన్యము రావలసినది. పోవుచున్నదేల?"

ఆమె మంత్రి ఎదుటికి వచ్చి నిలిచింది.

"మొన్న మీరు మూడు వందల పదిమందిని అడిగితిరి. మిమ్ములనెవరడిగిరి?"

ఉలి ఎత్తినవారు మంత్రి వైపు తిరిగారు.

"నేనడుగుచున్నాను. కడపటి ఉదయపు రహస్యము రణధవళునికి చెప్పినదెవరు?"

ప్రియంవదుని నోరు తెరుచుకోలేదు. ఆ మౌనాన్ని మూడు వందల పదిమంది విన్నారు. తుహినకేతుని పేరు కొట్టేయడానికి ఎత్తిన ఉలి దించారు. రాణి అతన్ని చంపలేదు. వెళ్లగొడితే గుట్టు బయటపడుతుంది కనుక వెళ్లగొట్టనూ లేదు. ప్రతి ఉదయం అతనికి ఎదురుపడిన ప్రతివారూ ఆ ప్రశ్నే అడగాలని మాత్రం శాసించింది. పిల్లలు కూడా అడిగేవారు.

ఒక ఏడు తిరిగింది. మళ్లీ కడపటి ఉదయం వచ్చింది. మంచు దిగే ఆ జాములో, ఆవలి ఒడ్డు కావలివాళ్ల కంట పడకుండా యక్షులందరూ గుహల్లో దాగారు. వాకిళ్లలో ముందే గడ్డి పెంచారు, తలుపులు బార్లా తెరిచి వదిలారు. ఈవలి ఒడ్డున ఒంటరిగా బ్రతుకుతున్న తుహినకేతుడు ఆనాడు కొండకేసి చూశాడు. పాడుపడిన ఊరు కనబడింది. ఊడిన తలుపు ఒకటి గాలికి కొట్టుకొంటోంది. నేను చెప్పిన అబద్ధం నిజమైపోయిందా అనుకొన్నాడు.

మంచు తిరిగి పైకెక్కాక, ఆయన పాకుతూ దాని అంచుకు వచ్చి, "ఉన్నావా తల్లీ?" అని అడిగాడు.

ఇందీవర మూడడుగుల దూరంలోనే ఉంది. రోజూ అక్కడే ఉండేది. ఆయనకు మంచు తప్ప ఏమీ కనబడదు, ఆమెకు అన్నీ కనబడతాయి. ఆవలి ఒడ్డున కావలివాళ్లు చెవులు నిక్కించి కూర్చొని ఉన్నారు. ఆమె పమిట నోట్లో కుక్కుకొంది.

ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత పసివాడిలా ఏడ్చాడు. మర్నాడు వచ్చి మళ్లీ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. నలభయ్యో రోజో, యాభయ్యో రోజో, అడిగి, విని, వెళ్లబోతూ ఆగాడు. బోసినోరు నెమ్మదిగా విచ్చుకొంది. "ఓహో, మూతికి తేనె అంటిందా? సరే తల్లీ, సరే," అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఏడవలేదు. ఏడవవలసినదంతా మంచుకు లోపలివైపే జరిగింది. పదకొండేండ్లు ప్రతి ఉదయం ఆయన అడిగాడు, పదకొండేండ్లు ప్రతి ఉదయం ఆమె నోరు మూసుకొని బదులిచ్చింది.

పన్నెండో ఏట మాఘంలో ఒక ఉదయం ప్రశ్న రాలేదు. కావలివాళ్లు మధ్యాహ్నం దాకా చూసి, ముక్కులకు గుడ్డలు కట్టుకొని నది దాటి వచ్చారు. ఒడ్డునే గుంట తీసి, పాపం ముసలాడు, చచ్చినోళ్లతో మాట్లాడీ మాట్లాడీ పోయాడనుకొన్నారు. ఇక కాయవలసిన పని లేదని మూటలు కట్టుకొని పొద్దు వాలకముందే వెళ్లిపోయారు.

వాళ్లు కనుమరుగయ్యేదాకా ఆగి, ఇందీవర మంచు దాటి ఆ మూడడుగులూ వేసింది. తడి మన్ను మీద కూర్చుంది.

"ఉన్నాను మామా," అంది గట్టిగా. "అందరం ఉన్నాం. ఆ తేనె కుండ పగలగొట్టింది కూడా నేనే."