ఎవరూ చూడని నోటీసు

డోర్కాస్ వచ్చేసరికి డిటెక్టివ్ స్వర్ణలత చాయ్ సగం తాగింది. శంషాబాద్‌లో ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో ఆవిడ ఆఫీసు. కింద దోసెల వాసన, పైన విమానాల మోత. ఈ రెండింటి మధ్య బుర్ర పనిచేసే మనిషి ఆవిడ ఒక్కతేనని అసిస్టెంటు మధు నమ్మకం.

డోర్కాస్ కూర్చోలేదు. “మా నాయన సమాధి కాడ మేకులు కొట్టిండ్రు మేడం. రోడ్డు దాని మీదికెల్లే పోతదంట,” అంది.

కొత్వాల్‌గూడ దగ్గర గోదాముల కోసం కొత్త రోడ్డు వేస్తారట. అభ్యంతరాలు చెప్పుకోవడానికి ముప్పై రోజులు గడువిచ్చి ఊరి బోర్డుకు నోటీసు అంటించామని, ఎవరూ నోరు మెదపలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని అధికారులు తేల్చేశారు. అంటించిన రోజు తీసిన ఫోటో కూడా చూపించారు. ఊళ్లో మాత్రం ఆ నోటీసు చూసిన నరమానవుడు లేడు. డోర్కాస్ తండ్రి యోనా పోయి ఆరేళ్లయింది. తల్లి యేసుమణి ఇప్పటికీ ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ సమాధి దగ్గరే కూర్చుంటుంది.

ప్లాట్లు అమ్మే వీరేందరే నోటీసు చింపి ఉంటాడని మధు ఊరికి వెళ్లే దారిలోనే తీర్పు చెప్పేశాడు.

ఊరి బోర్డు నిండా ఒక ఫ్లెక్సీ ఉంది. రెండు నెలల కిందట మూలమలుపులో లారీ గుద్ది చనిపోయిన పాండు అందులో నవ్వుతున్నాడు. తాజా బంతిపూల దండ వేలాడుతోంది. పాండు తండ్రి బుచ్చయ్య రోజూ మారుస్తాడని యేసుమణి చెప్పింది. పోయినవాళ్ల ఫ్లెక్సీ ఎండకు చివికి రాలాల్సిందే గాని, ఊళ్లో పరాయి చెయ్యి దానిమీద పడదట.

స్వర్ణలత ఫ్లెక్సీ నాలుగు మూలలూ చూసింది. అక్కడి రంధ్రాల్లో తెగిన బైండింగ్ వైరు ముక్కలున్నాయి. బోర్డుకు మాత్రం దాన్ని మేకులతో కొట్టారు. తర్వాత మూలమలుపు దాకా నడిచింది. అక్కడి కరెంటు స్తంభానికి అదే వైరు చుట్టి ఉంది. అధికారులు ఇచ్చిన రోడ్డు నక్షాను చాలాసేపు చూసి ముఖం చిన్నబుచ్చుకుంది.

వీరేందర్‌ను అడిగితే రోడ్డు రావాలనే కోరుకున్నానని దాచకుండా ఒప్పుకున్నాడు. “గని చచ్చినోని బొమ్మ నేనెట్ల ముడుతనక్కా? నాకూ పిల్లలున్నరు,” అన్నాడు.

సాయంత్రం స్వర్ణలత అందరినీ బోర్డు దగ్గరికి రమ్మంది. బుచ్చయ్య అనుమతి అడిగి ఫ్లెక్సీ అంచు ఎత్తింది. వెనక నోటీసు చెక్కుచెదరకుండా ఉంది.

“దీన్ని ఎవరూ చింపలేదు, కప్పేశారు,” అంది స్వర్ణలత. “ఈ ఫ్లెక్సీ మొదట మలుపు దగ్గరి స్తంభానికి ఉండేది. నోటీసు అంటించిన రోజు ఫోటోలో బోర్డు మీద ఇది లేదు, ఆ తర్వాతే ఇక్కడికి వచ్చింది. పోయినవాళ్ల ఫ్లెక్సీని ఊళ్లో ఎవరూ ముట్టుకోరు. వీరేందర్ కూడా ముట్టుకోడు. దాన్ని విప్పే హక్కు ఒక్కరికే ఉంది. నక్షాలో రోడ్డు తిన్నగా పోతుంది, ఆ మలుపు ఉండదు.”

మధుకు వీరేందర్ వైపు చూడాలంటే సిగ్గేసింది.

బుచ్చయ్య తల దించుకున్నాడు. “నేనే చేసిన బిడ్డా. ఆ మలుపు పోతే ఇంకో పిలగాడు చావడనుకున్న. నలుగురు చూస్తే వద్దంటరని భయమైంది.”

“మా నాయన పాడె మోసినవ్ కద పెద్దబాపు,” అంది డోర్కాస్. ఆ తర్వాత ఆమె అతని ముఖం చూడలేదు.

జరిగింది రాసిస్తే గడువు మళ్లీ ఇవ్వమని అడగొచ్చని స్వర్ణలత చెప్పింది. ఇక్కడే రాసిస్తానని బుచ్చయ్య కాగితం కోసం చెయ్యి చాపాడు. కేసు తేలినందుకు సంతోషించినవాళ్లు అక్కడెవరూ లేరు, స్వర్ణలతతో సహా.

యేసుమణి వచ్చి అతని పక్కన నిలబడింది.

“ఒక్క మాట అడగకపోతివి అన్నా,” అంది. “అడిగితే మా ఆయన తనే జర పక్కకు జరిగేటోడు. మీ పాండును ఎత్తుకొని తిరిగినోడే కద.”

బుచ్చయ్య నేలమీద కూలబడి ఏడ్చాడు. కొడుకు పోయిన రోజు కూడా అతను అలా ఏడవలేదని ఊరివాళ్లు తర్వాత మధుకు చెప్పారు.