పాత లాకుల మలుపులో ఊగిన లైటు

పాత లాకుల మలుపులో లైటు ఊగితే ఆగకూడదు.

పెడన నుంచి బెజవాడకి కాలవగట్టు మీద అడ్డదారిన వచ్చే డ్రైవర్లలో ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు. ఎప్పుడో ఒక పెళ్ళివ్యాను అక్కడ కాలవలో పడిందట. అందులోంచి ఒకడు ఎలాగో గట్టెక్కి, చేతిలో లైటుతో వచ్చేపోయే బళ్ళని పిలిచి... పిలిచి... అక్కడే ప్రాణం వదిలాడట. చీకటి పడితే ఇప్పటికీ లైటు ఊపుతూనే ఉంటాడట. అందుకే ఆ మలుపు రాగానే అందరూ అద్దాలు ఎత్తేస్తారు. దాటేదాకా హారన్ మీద చెయ్యి తియ్యరు.

దుర్గాశంకర్ ఇవేవీ నమ్మే రకం కాదు. గవర్నర్‌పేటలో చీరల కొట్టు అతనిది. సరుకు కోసం మావగారు అంకమ్మరావుని వెంటబెట్టుకుని తరచూ పెడన వెళ్ళొస్తుంటాడు. నేతలో లోపం పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. కాకపోతే ఆయన గుండెజబ్బు మనిషి. "నాన్నని ఆ గట్టు మీద తిప్పుతున్నారు, కార్లో ఓ టార్చిలైటైనా లేదు" అని భార్య శ్రీదుర్గ రోజూ పోరుపెట్టేది.

సరేనని పక్కవీధిలో జీవరత్నం గారి ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళాడు. బీరువాలో చీరలన్నీ దింపించి ఏదీ నచ్చలేదని లేచిపోయేవాళ్ళని రోజూ మనసులో తిట్టుకునే మనిషి, ఆ పూట తనే అలా తయారయ్యాడు. సెల్సు వేసే టార్చి చూపిస్తే సెల్సు కారిపోతాయన్నాడు. ఛార్జింగుది చూపిస్తే వాడకుండా పడుంటే దిగిపోతుందన్నాడు. చిన్నదానికి వెలుగు చాల్దు, పెద్దది సీటు కింద పట్టదు. జీవరత్నం గారి ఓపిక గొప్పది కాబట్టి సరిపోయింది.

"ఇది తీసుకోండి శంకర్‌గారూ," అన్నాడాయన చివరికి. "కార్లోనే ఛార్జింగు పెట్టుకోవచ్చు. వెనక ఎర్రలైటు కూడా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. రోడ్డు మీద నిలబడి ఊపారంటే ఎంత దూరం నుంచైనా కనిపిస్తారండీ."

కొన్నాడు. అంకమ్మరావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు. "కారుకి రెండు లైట్లుండగా ఇదెందుకండీ అల్లుడుగారూ... రొయ్యల చెరువుకి కాపలా వెళ్తున్నామా?"

ముసురు పట్టిన రోజుల్లో ఒకనాడు, పెడన నుంచి తిరిగొస్తుంటే దారిలోనే చీకటి పడింది. సరిగ్గా ఆ మలుపులో గేదె అడ్డొచ్చింది. దుర్గాశంకర్ బ్రేకు తొక్కాడు. బురదలో కారు జారి, ముక్కు కాలవలోకి పెట్టి, తుమ్మచెట్టుకి ఆనుకుని ఆగిపోయింది. లైట్లన్నీ ఆరిపోయాయి. కంగారుగా దిగుతుంటే జేబులో ఫోన్ కాస్తా నీళ్ళపాలైంది. మావగారి ఫోనా... పెడనలో ఛార్జింగుకి పెట్టినచోటే మర్చిపోయి వచ్చారు.

ఒంటికి దెబ్బలేం తగల్లేదు. కానీ అంకమ్మరావు గారు ఛాతీ పట్టుకున్నారు.

"బరువుగా ఉందండీ... చెయ్యి లాగేస్తోంది..."

ఆయన్ని ఎలాగో పైకి చేర్చి, కిలోమీటరు రాయికి ఆనించి కూర్చోబెట్టాడు. టార్చి వెలిగించాడు. ఏం వెలుగది! కాలవ అవతల వరిచేల దాకా తెల్లగా పరుచుకుంది. ఎవరో ఒకరు ఆగుతారులే అని గుండె కుదుటపడింది.

ఆటో వచ్చింది. ఊపాడు. అంతదాకా నింపాదిగా వస్తున్న ఆటో ఒక్కసారిగా హారన్ మోగిస్తూ దూసుకుపోయింది.

రొయ్యల వ్యాను వచ్చింది. ఈసారి ఎర్రలైటు కూడా వేసి ఊపాడు, అరిచాడు... అద్దాలు పైకి లేచాయి. అదీ పోయింది. ఒక బైకు దూరానే ఆగి, లైటు చూసి, వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. "అమ్మా దుర్గమ్మా!" అన్న కేక గాలిలో వినిపించింది.

అప్పుడు అర్థమైంది.

వాళ్ళకి కనిపిస్తున్న దెయ్యం... తనే.

"మనిషినయ్యా! బాబూ, మనిషిని!" అని గొంతు చించుకున్నాడు. ఆ హారన్లలో ఎవరికి వినిపిస్తుంది? ఏరికోరి మంచి టార్చి కొన్నందుకు ఏడుపొచ్చింది. పక్కన మావగారి ఊపిరి గురకలా మారింది.

"అమ్మాయికి... చెప్పండి..."

"మీరే చెబుదురుగాని మావయ్యగారూ. మాట్లాడకండి."

దూరంగా మళ్ళీ లైట్లు. ఈసారి టార్చి ఆర్పేశాడు. కటికచీకట్లో నడిరోడ్డు మీదికి వెళ్ళి చేతులు చాచి నిలబడ్డాడు. గుద్దితే గుద్దనీ అనుకున్నాడు. బ్రేకులు కీచుమన్నాయి. పాలవ్యాను మోకాళ్ళకి తగిలేంత దగ్గర ఆగింది.

"చావాలనుందా ఏంటండీ?" డ్రైవరు తలుపు తోసుకుని దిగాడు. "చీకట్లో నించున్నారు, చేతిలో ఓ లైటన్నా ఉండొద్దా?"

దుర్గాశంకర్ అతన్ని కిలోమీటరు రాయి దగ్గరికి లాక్కెళ్ళాడు. ఇద్దరూ కలిసి పెద్దాయన్ని ఎత్తి సీట్లో పడుకోబెట్టారు. ఆయన తల అల్లుడు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఉయ్యూరు ఆసుపత్రికి పోనిస్తానండీ," అంటూ డ్రైవరు వ్యాను కదిలించాడు.

మలుపు ఇంకా పూర్తిగా దాటలేదు... డ్రైవరు గొంతు తగ్గించాడు.

"ఎడమపక్క చూడకండి."

చూశాడు. గట్టు అంచున ఒక లైటు ఊగుతోంది. పసుపుపచ్చగా, నీరసంగా... బాగా కిందుగా. నేల మీద పడి ఉన్న మనిషెవరో చెయ్యి పైకెత్తలేక ఊపుతున్నట్టు.

డ్రైవరు అద్దం ఎత్తేశాడు. హారన్ మీద చెయ్యి పెట్టాడు. స్పీడు పెంచాడు.

'ఆపండి' అన్న మాట దుర్గాశంకర్ నాలిక చివరిదాకా వచ్చింది. ఒళ్ళో మావగారి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఒక్క నిమిషం ఆగినా ఈయన దక్కకపోవచ్చు. ఆగకపోతే... ఆ లైటు ఊపేవాడి గతి ఏమిటో ఆ వ్యానులో అతనికే తెలుసు. నోరు తెరిచాడు. మాట రాలేదు. లైటు పక్కకొచ్చింది... దాటింది... వెనకబడింది.

అంకమ్మరావు గారు బతికారు.

తెల్లవారీ తెల్లవారకముందే దుర్గాశంకర్ ఆ చోటికి పరుగెత్తాడు. రాత్రంతా కురిసిన వానకి గట్టు అంచు పెళ్ళగిలి కాలవలోకి జారిపోయి ఉంది. అక్కడ మనిషి ఉన్నాడో లేడో తెలుసుకోవడానికి నేల కూడా మిగల్లేదు.